బండి మెరుపు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మోటారు సైకిలును ఎక్కువ కాలం కొత్తదానిలా ఉంచుకోవడం గురించి ప్రశ్నలు పంపమని కిందటి నెల ఈ శీర్షికలో కోరాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచే ఉన్నాయి. అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఎర్రమట్టి దుమ్ము, బోర్ల ఉప్పునీళ్లు, మే నెల ఎండ మూడూ కలిసిన చోట బండి రంగు నిలబడటం కష్టమే. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఎక్కువ మందికి పనికొచ్చే వాటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. అడిగినవారి పేర్లు వేయలేదు కానీ ఊళ్లు మాత్రం ఇచ్చాం, ఎందుకంటే బండిని ఎలా కడగాలన్నది చాలావరకు ఆ ఊరి నీటిని, మట్టిని బట్టి ఉంటుంది.

ప్రశ్న: మా ఇల్లు రైసు మిల్లులకు దగ్గర. తెల్లారేసరికి బండి మీద ఊక బూడిద పొరలాగా పడి ఉంటుంది. రెండేళ్ల కింద కొన్న నల్లరంగు బండిని రోజూ పొద్దున పొడిగుడ్డతో శ్రద్ధగా తుడుస్తున్నాను. అయినా ఎండలో నిలబెడితే ట్యాంకు మీద సాలెగూడు లాంటి సన్నని గీతలు గుండ్రంగా కనిపిస్తున్నాయి. ఒక్కరోజు కూడా తుడవడం మానని నా బండికే ఎందుకిలా అవుతోంది? (మిర్యాలగూడ)

జవాబు: మీ శ్రద్ధను తప్పుపట్టడానికి మనసు రావడం లేదు కానీ, ఆ గీతలు ఆ పొడిగుడ్డతోనే పడ్డాయి. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లలో ఊక కాల్చగా మిగిలే బూడిదలో సాధారణంగా 80 శాతానికి పైగా సిలికా ఉంటుంది. ఇసుకలో ఉండే పదార్థమూ అదే. పెయింటు కంటే అది ఎంతో గట్టిది. పొడిగుడ్డ ఆ రేణువులను ఎత్తి బయట పారేయదు, వాటిని తన కింద పట్టుకుని ట్యాంకు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఈడ్చుకుపోతుంది. గీతలు నిజానికి అన్ని దిక్కులకూ ఉంటాయి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి మన కంటికి అవి గుండ్రంగా తోస్తాయి. నల్లరంగు మీద ఇవి బాగా బయటపడతాయి, తెల్లరంగు మీద కూడా ఉంటాయి కానీ దాక్కుంటాయి.

ఇక్కడ పెయింటు గురించి ఒక విషయం చెప్పాలి, మిగతా జవాబులకు కూడా ఇదే ఆధారం. ఇప్పటి బండ్లలో రేకు మీద ముందు ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోటు ఉంటాయి. మెరుపంతా ఆ పై పొరదే. దాని మందం దాదాపు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుక కంటే పల్చన. పాలిష్ అని మనం వాడేది ఆ పొరను మరికొంత అరగదీసి గీతల అంచులను చదును చేస్తుంది. అందుకే పాలిష్ ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు అనుకోవడం పొరపాటు. ఉన్న పొరను గీతలు పడకుండా కాపాడుకుంటే పాలిష్ అవసరమే అరుదుగా వస్తుంది.

మీరు చేయవలసింది ఇది. రోజూ తుడవడం మానేయండి. పొడి బూడిద ఒకటి రెండు రోజులు అలాగే ఉన్నా నష్టం కొద్దిపాటిదే, తుడిస్తే జరిగేదే ఎక్కువ. చూడలేకపోతే రెండు చెంబుల నీళ్లు పైనుంచి మెల్లగా పోయండి, చాలావరకు జారిపోతుంది. వారానికి ఒకసారి పూర్తిగా కడగండి. నీడలో, ఇంజిను, సైలెన్సర్ చల్లారాక మొదలుపెట్టాలి. చేయి పెట్టకుండా ముందు నీళ్లు పోసి దుమ్మంతా కారిపోనివ్వాలి. చాలామంది తొందరపడేది ఈ దగ్గరే. తరువాత రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదానిలో వాహనాల షాంపూ కలిపిన నీళ్లు, రెండోదానిలో మామూలు నీళ్లు ఉండాలి. గుడ్డను షాంపూలో ముంచి ట్యాంకు మీద ఒక బారు రుద్దిన వెంటనే మామూలు నీళ్లలో జాడించి, మళ్లీ షాంపూలో ముంచండి. జాడించిన బకెట్ అడుగున పేరుకున్న బూడిదను ఒకసారి చేత్తో తీసి వేళ్ల మధ్య నలిపి చూడండి, గరగరలాడుతుంది. అదే ఒకే బకెట్ అయితే ఆ గరుకంతా తిరిగి ట్యాంకు మీదికే చేరేది. పై భాగాల నుంచి కిందికి రండి. చక్రాలకు, ఇంజిను కింది భాగానికి వేరే గుడ్డ వాడండి, ఆ గుడ్డను మళ్లీ ట్యాంకు మీదికి తేవద్దు. మైక్రోఫైబర్ గుడ్డ మంచిది. అది లేకపోతే బాగా ఉతికిన పాత నూలు లుంగీ ముక్క ఫర్వాలేదు కానీ, కుట్లు, గుండీలు ఉన్న చొక్కా ముక్కలు, మెకానిక్ షాపుల్లో దొరికే బనియన్ వేస్టు ట్యాంకు మీదికి వద్దు.

ఇప్పటికే పడిన గీతల మీద వేలిగోరును అడ్డంగా మెల్లగా జరపండి. గోరు తట్టుకోకపోతే సన్నరకం పాలిష్‌తో అవి చాలావరకు పోతాయి. గోరు తట్టుకుంటే గీత లోతుకు దిగినట్టే, దాన్ని పూర్తిగా తీయాలని పట్టుబట్టి రుద్దితే చుట్టూ ఉన్న మంచి పొర పోతుంది. పాలిష్ చేసిన తరువాత తప్పకుండా వ్యాక్స్ పట్టించండి. పాలిష్ తీసేది, వ్యాక్స్ కాపాడేది. ఈ రెండింటినీ ఒకటే అనుకుని పాలిష్‌తోనే ఆపేసేవారు చాలామంది ఉన్నారు.

దామరచర్ల, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర ఉండే పాఠకులకు ఒక మాట. పొడి బూడిద ఒకటి రెండు రోజులు ఉండవచ్చని పైన చెప్పింది మీకు వర్తించదు. సిమెంటు దుమ్ముకు రాత్రి మంచు తగిలితే అది అక్కడే గట్టిపడుతుంది, దానిలోని క్షారం పెయింటును తింటుంది. అది పొడిగా ఉండగానే ధారాళంగా నీళ్లు పోసి కడిగేయాలి.

ప్రశ్న: బోరు నీళ్లతో కడిగిన ప్రతిసారీ బండి ఆరాక తెల్లమచ్చలు వస్తున్నాయి. మా దగ్గర ఫ్లోరైడ్ ఎక్కువ కదా, అదే కారణమా? నీళ్లలో పటిక వేస్తే తగ్గుతాయా? మా వాడలో ఆర్వో ప్లాంటు ఉంది, వాళ్లు బయటికి వదిలే నీళ్లు ఉచితంగానే దొరుకుతాయి. వాటితో కడగవచ్చా? (మర్రిగూడ)

జవాబు: మనుషుల ఎముకలను, పళ్లను అంతగా బాధించిన ఫ్లోరైడ్ మీదికి మీ ఆలోచన పోవడం సహజమే. కానీ బండి మీద మచ్చలకు అది ముఖ్యకారణం కాదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం చెబుతుంది. నీటి కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీళ్లు లేని చోట 600 వరకు అనుమతించవచ్చని అదే ప్రమాణం అంటుంది. రెండు అంకెల మధ్య తేడా చూడండి. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువగా ఉన్న బోరులోనైనా అది మిల్లీగ్రాముల్లోనే ఉంటుంది, కాఠిన్యం వందల్లో ఉంటుంది. నీటిబొట్టు ఆవిరైనప్పుడు ఈ లవణాలు ఎక్కడికీ పోవు, బొట్టు అంచున తెల్లని వలయంలాగా మిగిలిపోతాయి. ఎండలో కాలిన ట్యాంకు మీదైతే అవి పెయింటును పట్టుకుని వదలవు.

పటికతో ప్రయోజనం లేదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన, మన జిల్లా పేరుతోనే ప్రసిద్ధికెక్కిన నల్గొండ టెక్నిక్‌లో పటికను, సున్నాన్ని కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గిస్తారన్నది నిజమే. బురదనీటిని కూడా పటిక తేరుస్తుంది. కాఠిన్యాన్ని మాత్రం అది తీసివేయదు.

ఆర్వో ప్లాంటు బయటికి వదిలే నీళ్ల విషయంలో మీరు తప్పకుండా జాగ్రత్తపడాలి. యంత్రం మంచినీటిని వేరుచేసినప్పుడు మిగిలిన లవణాలన్నీ ఆ వదిలేసే నీటిలోనే చిక్కబడతాయి. అంటే అవి మీ బోరు నీళ్ల కంటే ఉప్పనివి. ఉచితం కదా అని మన ఊళ్లలో చాలా చోట్ల బండ్లు కడగడానికి ఇవే వాడుతున్నారు. మచ్చలే కాదు, నట్లు, బోల్టులు, స్పోకులు తుప్పుపట్టడం కూడా దీనితో తొందరగా మొదలవుతుంది.

మరి ఏం చేయాలి? కడగడమంతా బోరు నీళ్లతోనే కానివ్వండి, చివరి జాడింపు మాత్రం మెత్తని నీటితో చేయండి. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు బోరు నీళ్ల కంటే చాలా నయం. తాగే నీటిని బకెట్లకొద్దీ బండి మీద పోయమని మేము చెప్పం. రెండు మూడు చెంబులు ట్యాంకు, సైడు ప్యానెళ్లు, హెడ్‌లైటు మీదుగా కారితే చాలు. పట్టి ఉంచుకున్న వాననీళ్లు, ఏసీ పైపు నుంచి కారే నీళ్లు ఇంకా మేలు, వాటిలో లవణాలు దాదాపు ఉండవు. ఆ వెంటనే, నీళ్లు వాటంతట అవి ఆరకముందే, మెత్తని పొడిగుడ్డను పరిచి అద్ది తీయండి. పొద్దున ఎండెక్కక ముందో, సాయంత్రం పొద్దు వాలాకో కడగడం సగం సమస్యను తీరుస్తుంది.

ఇప్పటికే పడిన మచ్చలకు వెనిగర్‌ను అంతే నీటితో కలిపి, గుడ్డను అందులో తడిపి మచ్చ మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచండి. తరువాత పుష్కలంగా నీళ్లు పోసి కడగండి. వెనిగర్ లేకపోతే నిమ్మరసం ఇలాగే వాడవచ్చు. రంగు వేయని అల్యూమినియం భాగాలకు, క్రోమ్‌కు మాత్రం దీన్ని తగలనివ్వవద్దు. మచ్చ పోయినా దాని ఆకారం లీలగా మిగిలితే అది పెయింటును తిన్నట్టు, అప్పుడు పాలిష్ ఒక్కటే దారి.

ఇదే ఉత్తరంలో మీరు సర్ఫు, కుంకుడురసం గురించి కూడా అడిగారు. బట్టల సర్ఫులో క్షారం ఎక్కువ, అది వ్యాక్స్‌ను ఊడ్చేస్తుంది, నల్ల ప్లాస్టిక్‌ను వెలవెలబోయేలా చేస్తుంది. గిన్నెల సబ్బు కూడా వ్యాక్స్‌ను వదలదు. కుంకుడురసం వాడుకోవచ్చు, కానీ పలుచని బట్టలో రెండుసార్లు వడకట్టండి. పెంకు ముక్క ఒక్కటి గుడ్డలో చిక్కుకున్నా గీత పడుతుంది. వాహనాల షాంపూ దొరకని చోట తలకు వాడే మామూలు షాంపూ ప్యాకెట్టు ఒకటి బకెట్ నీటిలో వేసుకున్నా పని జరుగుతుంది.

ప్రశ్న: వాటర్ సర్వీసింగ్ చేయించినప్పుడు చివర్లో బండంతా డీజిల్ కొడుతున్నారు. ఆ రోజు తళతళలాడుతుంది, మూడో రోజుకు ముందుకంటే అధ్వానంగా తయారవుతుంది. ఇది మంచిదేనా? (జడ్చర్ల)

జవాబు: మంచిది కాదు, వద్దని ముందే చెప్పండి. ఆ మెరుపు పెయింటుది కాదు, దాని మీద పరుచుకున్న నూనె పొరది. జాతీయ రహదారి మీద లారీల వెనక రెండు కిలోమీటర్లు పోతే చాలు, దుమ్మంతా దానికి అంటుకుంటుంది. తరువాత మీరు గుడ్డ పెట్టి తుడిస్తే మొదటి ప్రశ్నలో చెప్పిన గీతలు పడతాయి. రబ్బరు పైపులు, బుష్‌లు, సీళ్లకు డీజిల్ పడదు, పదేపదే తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. ఇవన్నీ ఒక ఎత్తు, బ్రేకు డిస్కు మీద, టైరు మీద డీజిల్ తుంపరలు పడటం ఇంకొక ఎత్తు. దానివల్ల మెరుపు కాదు, ప్రాణం పోవచ్చు. టైరుకు నల్లగా మెరిసే పాలిష్ వేసేవారు కూడా పక్కగోడకే పరిమితం కావాలి, రోడ్డును తాకే భాగానికి అస్సలు తగలకూడదు. సీటుకు, ఫుట్‌రెస్టులకు, హ్యాండిల్ గ్రిప్పులకు కూడా అంతే.

ప్రెజరు గన్ గురించి కూడా చెప్పాలి. మడ్‌గార్డు లోపలి బురదను వదిలించడానికి దాన్ని మించింది లేదు. కానీ దాన్ని చక్రాల మధ్య బేరింగుల మీద, చైన్ మీద, ట్యాంకు కింద వైర్ల జాయింట్ల మీద, రేడియేటరు రెక్కల మీద దగ్గర పెట్టి కొట్టకూడదు. బేరింగుల్లోని గ్రీజు బయటికి, నీళ్లు లోపలికి పోతాయి. సైలెన్సర్ రంధ్రానికి ప్లాస్టిక్ కవరు కట్టమని అడగండి, బయలుదేరే ముందు దాన్ని తీశారో లేదో మీరే చూసుకోండి. కాలుతున్న ఇంజిను మీద చన్నీళ్లు కొట్టబోతే పదిహేను నిమిషాలు ఆగమనండి. మీ బండి, మీ డబ్బు, అడగడానికి మొహమాటపడవద్దు. కడిగాక కొద్ది దూరం మెల్లగా నడుపుతూ రెండు బ్రేకులనూ నాలుగైదుసార్లు లైటుగా పట్టి వదలండి. తడిసిన బ్రేకులు మొదటిసారి పట్టవు.

ప్రశ్న: మా నాన్నగారు 1998లో కొన్న హీరో హోండా స్ప్లెండర్ ఇప్పటికీ నడుస్తోంది. ఎరుపు రంగు వెలిసి గులాబీ రంగుకు దగ్గరగా వచ్చింది, చేయి పెడితే సుద్దలాగా అంటుతోంది. పెయింటు కొట్టించాలా, పాలిష్ సరిపోతుందా? (వనపర్తి)

జవాబు: పెయింటర్ దగ్గరికి పోయే ముందు ఒక ఆదివారం దీనికి కేటాయించండి. మీరు చెప్పిన సుద్ద ఎండకు చచ్చిన పై పొర. దాని కింద అసలు ఎరుపు ఇంకా మిగిలి ఉండే అవకాశం ఉంది.

ముందు బండిని బాగా కడిగి ఆరబెట్టండి. ట్యాంకు కింది వైపు, ఎవరికీ కనిపించని చోట అరచేయంత భాగం ఎంచుకోండి. తెల్లని మెత్తటి గుడ్డకు సన్నరకం పాలిష్ కొద్దిగా అద్ది, గట్టిగా నొక్కకుండా ఇరవై ముప్పై సార్లు రుద్ది గుడ్డను చూడండి. గుడ్డకు ఎరుపు అంటితే మీ ట్యాంకుకు పైన క్లియర్ పొర లేదు, లేదా ఎప్పుడో పోయింది. మీరు రుద్దుతున్నది రంగునే. గుడ్డకు మురికి తప్ప రంగు అంటకపోతే క్లియర్ పొర ఇంకా ఉన్నట్టు. రెండు సందర్భాల్లోనూ ఆ అరచేయంత చోట ఎరుపు తిరిగి వస్తే, మిగతా భాగాన్ని కూడా అంతంత ముక్కలుగా చేసుకుంటూ పోవచ్చు. చేత్తోనే చేయండి, మిషను వద్దు. ట్యాంకు అంచుల మీద, మడతలు తిరిగిన చోట పెయింటు అన్నిటికంటే పల్చగా ఉంటుంది, అక్కడ మిషను పెడితే క్షణాల్లో ప్రైమరు బయటపడుతుంది. ఆ అంచులకు, పాత స్టిక్కర్లకు ముందే మాస్కింగ్ టేపు అతికించండి. పెచ్చులుగా లేచిన చోట, తెల్లని పొర పొక్కినట్టు ఉన్న చోట ఏ పాలిష్‌తోనూ ఫలితం ఉండదు, అక్కడ పెయింటే గతి. పని అయ్యాక ఆ రోజే వ్యాక్స్ పెట్టండి. రక్షణ లేని ఎరుపు మన ఎండలకు మళ్లీ తొందరగా వెలుస్తుంది. మొదటి ఏడాది రెండు నెలలకొకసారి వ్యాక్స్ పెట్టడం మంచిది.

పెయింటు కొట్టించవలసి వస్తే అదే ఎరుపు వేయించండి. రంగు పేరు ఆర్సీలో ఉంటుంది, వేరే రంగుకు మార్చాలంటే రవాణా శాఖ కార్యాలయంలో అనుమతి తీసుకుని నమోదు చేయించాలి. ఇంకొక సలహా, ఇది మా అభిప్రాయం మాత్రమే: అన్నీ కొత్తగా మార్చవద్దు. మీ నాన్నగారి మోకాళ్లు తగిలి ట్యాంకు పక్కల నునుపెక్కిన చోటును, కాలి కింద అరిగిన కిక్‌రాడ్‌ను శుభ్రం చేసి అలాగే ఉంచండి. ఇన్నేళ్లు నడిచిన బండి అలా కనిపించడంలో తప్పు లేదు.

ప్రశ్న: మ్యాట్ బ్లాక్ బండికి ఏ పాలిష్ వాడాలి? (మహబూబ్‌నగర్)

జవాబు: ఏదీ వాడకూడదు. మ్యాట్ పెయింటు పైభాగం కంటికి కనిపించనంత సన్నని ఎత్తుపల్లాలతో ఉంటుంది, అందుకే అది వెలుగును చెదరగొట్టి మసకగా కనిపిస్తుంది. పాలిష్ పెట్టి రుద్దితే ఆ ఎత్తులు అరిగి, ఆ చోట మాత్రం నిగనిగలాడే మచ్చ పడుతుంది. దాన్ని వెనక్కి తేలేరు. వ్యాక్స్ కూడా ఎగుడుదిగుళ్లలో ఇరుక్కుని తెల్లగా కనిపిస్తుంది. షాంపూ నీళ్లు, మెత్తని గుడ్డ, తక్కువ ఒత్తిడి, ఇవే మీ సాధనాలు. మోకాళ్లు, చేతులు తగిలే చోట జిడ్డు పేరుకోకుండా తరచుగా కడగండి. మ్యాట్ కోసమే తయారైన స్ప్రేలు దొరుకుతాయి, సీసా మీద ఆ మాట ఉంటేనే కొనండి.

ప్రశ్న: కొత్త బండికి యాదగిరిగుట్టలో వాహన పూజ చేయించాం. పసుపు మరకలు సబ్బుతో కడిగితే ఎర్రగా మారి ఇంకా గట్టిగా పట్టుకున్నాయి. తెల్లరంగు బండి కావడంతో బాగా కనిపిస్తున్నాయి. (భువనగిరి)

జవాబు: బాధపడకండి, ఇది పోయే మరకే. పసుపుకు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. సబ్బులో ఉన్నది క్షారమే. మామూలు నీళ్లతో ఒకసారి కడిగి, నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచిన గుడ్డ అద్దితే ఎరుపు తిరిగి పసుపు రంగుకు వస్తుంది. మళ్లీ కడిగి, షాంపూతో మెల్లగా రుద్దండి. ఆ తరువాత మిగిలిన లేత పసుపును ఎండకు వదిలేయండి. పసుపులోని రంగు సూర్యకాంతికి నిలవదు, కొద్ది రోజుల్లో వెలిసిపోతుంది. కుంకుమ సంగతి వేరు. బజారులో దొరికే కుంకుమల్లో కృత్రిమ రంగులు కలిసి ఉండవచ్చు, నూనె కలిపి పెట్టిన బొట్టైతే ప్లాస్టిక్‌లోకి ఇంకుతుంది. అందుకని దసరాకు, గుట్టకు పోయినప్పుడు బొట్టు హెడ్‌లైటు అద్దం మీదనో, క్రోమ్ మీదనో, వ్యాక్స్ పట్టించిన ట్యాంకు మీదనో పెట్టించుకుని, మరునాడు తడిగుడ్డతో తీసేయండి. నల్ల ప్లాస్టిక్ మీద, మ్యాట్ పెయింటు మీద వద్దు. ఇంటికి బయలుదేరే ముందు బంతిపూల దండను విప్పండి, దారం చక్రంలోనో చైన్‌లోనో చుట్టుకుంటే ప్రమాదం. కర్పూరం హారతిని పెట్రోలు ట్యాంకుకు దూరంగా ఇవ్వమని కోరడంలో అపచారం ఏమీ లేదు. కొబ్బరినీళ్లు, నిమ్మకాయ రసం చిమ్మిన చోట ఆ సాయంత్రమే కడిగేయండి.

ప్రశ్న: మాది నల్లరేగడి. వానాకాలం పొలానికి పోయి వస్తే చైన్, మడ్‌గార్డు బురదతో బిగుసుకుపోతాయి. ఇనుప చువ్వతో గీకుతున్నాను. (మక్తల్)

జవాబు: చువ్వ పక్కన పెట్టండి. రేగడి ఎండితే రాయిలా బిగుస్తుంది, తడిపితే వదులుతుంది. నీళ్లు చిలకరించి పావుగంట నాననిచ్చి, వెదురు బద్దతో తోసేయండి. మడ్‌గార్డు లోపల పైభాగాన పేరుకున్న ముద్దను ప్రతిసారీ తీయాలి. అది రోజుల తరబడి తేమను పట్టి ఉంచి రేకును లోపలి నుంచి తినేస్తుంది, బయటికి పెయింటు బుడగ కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

చైన్‌కు కిరోసిన్ గానీ, చైన్ క్లీనరు గానీ పనికొస్తుంది. పెట్రోలు వద్దు, అది అంటుకునే ప్రమాదం ఉంది, చైన్ లంకెల్లో రబ్బరు రింగులు ఉంటే వాటినీ పాడుచేస్తుంది. వైరు బ్రష్షు కూడా ఆ రింగులను కోస్తుంది, మెత్తని నైలాను బ్రష్షు వాడండి. బండిని మెయిన్ స్టాండు మీద పెట్టి, ఇంజిను ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ శుభ్రం చేయండి. గేరులో పెట్టి ఇంజిను నడిపిస్తూ చైన్ తుడవబోయి వేళ్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు, ఎంత తొందర ఉన్నా ఆ పని చేయకండి. పొడిగా తుడిచాక, చైన్ లోపలి వైపు, అంటే పళ్ల చక్రాన్ని తాకే వైపు, 90 నంబరు గేరు ఆయిలు గానీ చైన్ స్ప్రే గానీ పట్టించి, ఎక్కువైనదాన్ని గుడ్డతో తీసేయండి. రాత్రి వేసి పొద్దున నడిపితే నూనె వెనక రిమ్ము మీద చిమ్మదు. సుమారు 500 కిలోమీటర్లకొకసారి, బురదలో నడిచిన ప్రతిసారీ ఇది అవసరం. ఇంజిను పాత నూనె పోయకండి, దానిలో లోహపు పొడి, మసి ఉంటాయి.

ప్రశ్న: ఆఫీసు దగ్గర వేపచెట్టు కింద తప్ప నీడ లేదు. పక్షుల రెట్టలు, జిగురు పడుతున్నాయి. కవరు కప్పితే సరిపోతుందా? (దేవరకొండ)

జవాబు: రెట్టలో ఆమ్లం ఉంటుంది, పైగా ఎండకు వేడెక్కిన పెయింటు మెత్తబడి ఉన్నప్పుడు ఆ రెట్ట గట్టిపడుతుంది. సాయంత్రం చల్లబడేసరికి దాని ఆకారం పెయింటులో అచ్చుపడుతుంది. చూసిన వెంటనే గోకకుండా తడిగుడ్డ కప్పి పది నిమిషాలు ఉంచి, పైకి ఎత్తి తీయండి. డిక్కీలో చిన్న నీళ్లసీసా, ఒక గుడ్డ ఉంచుకోవడం అలవాటు చేసుకోండి. జిగురుకు గోరువెచ్చని షాంపూ నీళ్లు చాలు.

కవరు విషయంలో మా సలహా కొంచెం భిన్నంగా ఉంటుంది. దుమ్ము పట్టిన బండి మీద కప్పి, గాలికి అది కొట్టుకుంటూ ఉంటే రోజంతా ఎవరో పొడిగుడ్డతో తుడుస్తున్నట్టే. లోపల మెత్తని నూలు పొర ఉన్న కవరును కడిగిన బండి మీద, గాలికి కదలకుండా తాడు బిగించి వేయండి. వానలో తడిసిన బండి మీద వేయకండి. ఆఫీసు దగ్గరైతే సీటును, ట్యాంకును మాత్రం కప్పే చిన్న కవరు చాలు. రెట్టలున్నా ఆ చెట్టు నీడనే ఉంచుకోండి. మొత్తం రోజు ఎండలో నిలిస్తే సీటు పగలడం, ప్లాస్టిక్ వెలవడం తప్పదు.

ప్రశ్న: క్రోమ్ సైలెన్సర్ మీద చిన్న చిన్న తుప్పు చుక్కలు, ఇంజిను దగ్గర నీలంగా మారిన రంగు ఉన్నాయి. దానికి తోడు రెయిన్‌కోటు అతుక్కుని కాలింది. (నాగర్‌కర్నూల్)

జవాబు: క్రోమ్ పొర సాధారణంగా ఒక మైక్రాను కంటే పల్చన, కింద నికెల్, దాని కింద ఇనుము ఉంటాయి. చుక్కలు ఆ పొరలోని సన్నని రంధ్రాల గుండా ఇనుము నుంచి వస్తాయి. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను చిన్న ఉండగా నలిపి, నీళ్లలో ముంచి చుక్క మీద మెల్లగా రుద్దండి. క్రోమ్ కంటే అల్యూమినియం మెత్తనిది కాబట్టి గీతలు పడే భయం తక్కువ. తరువాత తుడిచి ఆరబెట్టి వ్యాక్స్ పెట్టండి. గిన్నెలు తోమే పీచు పెట్టకండి. నీలం రంగు వేడివల్ల వచ్చింది, అది మురికి కాదు, దాన్ని అలాగే వదిలేయడం మేలు. రెయిన్‌కోటు ముక్కకు ఇంజిను రెండు నిమిషాలు నడిపి ఆపండి. సైలెన్సర్ గోరువెచ్చగా అయినప్పుడు ప్లాస్టిక్ మెత్తబడుతుంది, అప్పుడు చెక్కముక్కతో తోస్తే చాలావరకు ఊడివస్తుంది.

ప్రశ్న: సిరామిక్ కోటింగ్ చేయిస్తే ఇక కడగవలసిన పని ఉండదంటున్నారు. (సూర్యాపేట)

జవాబు: కడగవలసిందే. అది పెయింటు మీద గట్టిపడే సన్నని పొర. నీళ్లు నిలవకుండా జారిపోతాయి, మురికి తేలికగా వదులుతుంది, వ్యాక్స్ కంటే ఎక్కువ కాలం ఉంటుంది. ఇవన్నీ నిజమే. కంకర దెబ్బలను అది ఆపదు, బోరు నీళ్ల మచ్చలు దాని మీద కూడా పడతాయి. గీతలున్న పెయింటు మీద వేస్తే ఆ గీతలు దాని కింద అలాగే ఉండిపోతాయి. కొత్త బండికి, నీడలో నిలిపే చోటు ఉన్నవారికి అది తగినదే. రోజూ పొలానికి, పాలకేంద్రానికి తిరిగే బండికి వ్యాక్స్ డబ్బా ఒకటి కొనుక్కుంటే చాలన్నది మా ఉద్దేశం.

ప్రశ్న: ఇంత శుభ్రంగా కడుగుతున్నా, కడిగిన మరునాడే బండి ఆగి ఆగి నడుస్తోంది. మెకానిక్ పెట్రోలులో నీళ్లున్నాయన్నాడు. బంకును అనుమానించాలా? (అచ్చంపేట)

జవాబు: ముందు ట్యాంకు మూత చుట్టూ ఉన్న గుంటను చూడండి. ఆ గుంటలో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ పడిన నీళ్లు దాని గుండా సన్నని పైపులోకి దిగి బండి కిందికి కారిపోవాలి. ఎర్రమట్టి చేరి ఆ రంధ్రం మూసుకుపోతే, కడిగిన నీళ్లు, వాననీళ్లు మూత చుట్టూ నిలిచి, పాతబడిన రబ్బరు సందుల్లోంచి ట్యాంకులోకి దిగుతాయి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది నీటిని పీల్చుకుంటుంది. ఎక్కువైతే రెండూ కలిసి అడుగుకు చేరి, మొదట ఇంజినుకు అందేది అదే అవుతుంది. ట్యాంకు లోపల తుప్పు కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. ఉన్న పెట్రోలును మెకానిక్‌తో తీయించండి. ఆ రంధ్రంలో సన్నని నైలాను తీగను పోనిచ్చి మట్టిని వదిలించి, మూత మూసి ఉండగా గుంటలో ఒక చెంచాడు నీళ్లు పోసి చూడండి. వెంటనే ఇంజిను కింద నేల తడిస్తే దారి తెరుచుకున్నట్టు. తడవకపోతే పైపు ఎక్కడో మడతపడి ఉంటుంది, ట్యాంకు ఎత్తి సరిచేయించాలి. మూత రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తే దాన్ని కూడా అప్పుడే మార్పించండి.